గర్భసంచి చిన్న ఆపరేషన్ తర్వాత రక్తస్రావాన్ని కనిపెట్టుకుంటూ కోలుకోవడం ఎలా

గర్భస్రావం పూర్తిగా జరగక లోపల ముక్కలు మిగిలిపోయినప్పుడు, కడుపులో పిండం ఎదుగుదల ఆగిపోయినప్పుడు, నెలసరి విపరీతంగా అవుతున్నప్పుడు, ముట్లు ఆగిపోయిన కొన్నేళ్లకు మళ్లీ రక్తం కనిపించినప్పుడు వైద్యులు చేసే చిన్న ఆపరేషన్‌ను డీఎన్‌సీ అంటారు. మన ఇళ్లలో దీన్నే గర్భసంచి శుభ్రం చేయడం అని చెప్పుకుంటారు. గర్భసంచి ముఖద్వారాన్ని కొద్దిగా వెడల్పు చేసి, లోపలి పొరను క్యూరెట్ అనే సన్నని పరికరంతో గీకి గానీ, సక్షన్ గొట్టంతో పీల్చి గానీ బయటికి తీస్తారు. సన్నని కెమెరా గొట్టంతో లోపల చూసే హిస్టెరోస్కోపీ, దాని ద్వారా లోపలి పొర మీద పెరిగిన చిన్న కండలను (పాలిప్‌లు) తీయడం కూడా ఈ కోవలోకే వస్తాయి. పొట్ట మీద కోత ఉండదు, కుట్లు ఉండవు, పని పది ఇరవై నిమిషాల్లో ముగుస్తుంది, ఇబ్బంది లేకపోతే అదే రోజు ఇంటికి పంపిస్తారు.

కోత కనిపించదు కాబట్టి ఇంట్లో వాళ్లకు ఇది ఆపరేషన్‌లా అనిపించదు. మర్నాడు పొద్దున్నే పొయ్యి దగ్గర నిలబడే వాళ్లు ఎందరో. రక్తం ఎక్కువగా పోతోందని చెబితే "చెడు రక్తం పోతోందిలే అమ్మా, మంచిదే" అనే జవాబు వస్తుంది. ఆ మాట ప్రేమతో అన్నదే అయినా ప్రమాదకరమైనది. పోయే రక్తంలో చెడ్డది, మంచిది అని రెండు రకాలు లేవు. పోయిందంతా మీ ఒంట్లో రక్తమే. అందుకని ఇంటికి వచ్చాక రక్తస్రావాన్ని ఎక్కువ, తక్కువ అనే మాటలతో వదిలేయకుండా ప్యాడ్‌తో, గడియారంతో కొలవడం నేర్చుకోవాలి. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ కొలత గురించే ఉంటుంది.

ఆసుపత్రి నుంచి కదిలే ముందు

మత్తు దిగిన తర్వాత వైద్యులు చెప్పేవి చాలావరకు మీకు గుర్తుండవు. కాబట్టి మీతో వచ్చిన మనిషిని పక్కన పెట్టుకుని అడగండి, వాళ్లను రాసుకోమనండి. ఏ ఆపరేషన్ చేశారు, ఎందుకు చేశారు, లోపల ఉన్నదంతా వచ్చేసిందా, రక్తం ఎంత పోయింది, హిమోగ్లోబిన్ ఎంత ఉంది, మళ్లీ ఎప్పుడు రావాలి, రాత్రిపూట ఇబ్బంది వస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి అన్నవి తప్పనిసరి ప్రశ్నలు. రక్తం ఆగడానికి యోని లోపల గాజుగుడ్డ ఏమైనా పెట్టారా, పెడితే ఎప్పుడు ఎవరు తీయాలి అని కూడా అడగండి. గాజుగుడ్డ ఉన్నంతసేపు రక్తం బయటికి కనిపించదు, మరిచిపోతే ఇన్‌ఫెక్షన్‌కు దారి తీస్తుంది.

మీ రక్తం గ్రూపు నెగెటివ్ అయి, ఆపరేషన్ గర్భానికి సంబంధించినదైతే, తర్వాతి గర్భంలో బిడ్డకు హాని జరగకుండా ఇచ్చే యాంటీ-డి ఇంజెక్షన్ గురించి అడగండి. అవసరమైన వాళ్లకు దాన్ని 72 గంటల లోపల ఇవ్వాలి. గర్భం తొలి వారాల్లోనే పోయినప్పుడు అది అవసరమా కాదా అన్నది వైద్యులు నిర్ణయిస్తారు గానీ, అడగాల్సిన ప్రశ్న మాత్రం ఆసుపత్రి దాటే లోపలే అడగాలి.

బయాప్సీ కోసం, అంటే ల్యాబ్‌లో పరీక్షించడం కోసం తీసిన ముక్కను చాలా ఆసుపత్రుల్లో చిన్న ప్లాస్టిక్ డబ్బాలో అది పాడవకుండా ఫార్మలిన్ అనే ద్రవం పోసి, బంధువుల చేతికే ఇచ్చి ల్యాబ్‌కు తీసుకెళ్లమంటారు. ఆ హడావుడిలో డబ్బా ఆటోలో ఉండిపోవడం, సంచిలో అడుగున పడి రెండు రోజుల తర్వాత బయటపడడం జరగకూడదు. డబ్బా మీద మీ పేరు, వయసు, తేదీ ఉన్నాయో లేదో చూడండి. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టకండి, నీళ్లు కలపకండి, మూత తీయకండి. నేరుగా ల్యాబ్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. ఈ ముక్కను రెండోసారి తీయాలంటే మళ్లీ ఆపరేషన్ చేయాల్సిందే.

బయలుదేరే ముందు ఒకసారి మూత్రానికి వెళ్లి రండి, ప్యాడ్ మార్చుకోండి, ఆ సమయం గుర్తు పెట్టుకోండి. మీ లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది. ఊరు దూరమైతే, రాత్రి అయిపోతుంటే, దారి బాగాలేకపోతే ఆ ఒక్క రాత్రి ఆసుపత్రి ఉన్న ఊళ్లోనే తెలిసిన వాళ్లింట్లో ఉండిపోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం. మత్తు పూర్తిగా వదలని మనిషిని బైక్ వెనక కూర్చోబెట్టి తీసుకెళ్లకండి.

మొదటి 24 గంటలు

మత్తు మందు ప్రభావం కళ్లు తెరిచినంత మాత్రాన పోదు. 24 గంటల వరకు బండి నడపకూడదు, మరిగే నూనె దగ్గర నిలబడకూడదు, ముఖ్యమైన కాగితాల మీద సంతకాలు చేయకూడదు. పసిబిడ్డ ఉంటే ఎత్తుకుని నడిచే పని వేరే వాళ్లకు అప్పగించాలి. ఆ రాత్రి ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు మీ గదిలోనే పడుకోవాలి. బాత్‌రూమ్‌కు వెళ్లేటప్పుడు గడియ వేసుకోకుండా, మనిషిని బయట నిలబెట్టుకుని వెళ్లండి. లేవగానే కళ్లు తిరిగి అక్కడే పడిపోయి తలకు దెబ్బ తగిలించుకునే ప్రమాదం ఉంటుంది.

ముందు కొద్దికొద్దిగా మంచినీళ్లు, మజ్జిగ తాగి, వాంతి లేకపోతే ఇడ్లీ, మెత్తటి అన్నం వంటివి తినవచ్చు. గొంతులో గొట్టం వేసి ఉంటే ఒకటి రెండు రోజులు గొంతు గరగరలాడుతుంది. ఆరు నుంచి ఎనిమిది గంటలు గడిచినా మూత్రం రాకపోతే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. పడుకునే ఉండిపోవడం అవసరం లేదు. గదిలో అటూ ఇటూ నాలుగడుగులు వేస్తుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు తగ్గుతుంది.

రక్తస్రావాన్ని కొలవడం

ముందుగా మామూలు తీరు ఎలా ఉంటుందో తెలియాలి. మొదటి ఒకటి రెండు రోజులు నెలసరి రెండో రోజు అయినంతగా, లేదా అంతకన్నా కొంచెం తక్కువగా ఎర్రటి రక్తం వస్తుంది. తర్వాత అది ముదురు రంగుకు, ఆపైన గోధుమ రంగు మరకలకు తిరిగి, చివరికి లేత పసుపు నీరులా మారి ఆగిపోతుంది. గర్భస్రావం తర్వాత చేసిన డీఎన్‌సీకి ఇది రెండు వారాల దాకా సాగవచ్చు. బయాప్సీ కోసం చేసినప్పుడు, హిస్టెరోస్కోపీ మాత్రమే జరిగినప్పుడు కొన్ని రోజుల్లోనే తగ్గిపోతుంది. మధ్యలో ఒక రోజు పూర్తిగా ఆగి మర్నాడు మళ్లీ కనిపించడం, మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్యలో కాస్త పెరిగి చిన్న గడ్డలు పడడం కూడా చాలామందిలో జరిగేదే. కొందరికి మొదటి నుంచీ మరకలు తప్ప ఏమీ ఉండదు; నొప్పి లేకుండా అలా ఉంటే కంగారు పడనక్కర్లేదు.

ఇక కొలిచే పద్ధతికి వద్దాం. ఈ రెండు వారాలు ప్యాడ్‌లే వాడండి, అదీ ఒకే రకం, ఒకే సైజు ప్యాడ్‌లు. ఈరోజు చిన్నది, రేపు రాత్రిపూట వాడే పెద్దది అయితే లెక్క కుదరదు. ప్యాడ్ నిండడం అంటే ఒక చివర నుంచి మరో చివర దాకా తడిసిపోయి, నొక్కితే పైకి ఊరేలా ఉండడం. మధ్యలో అరచేతి వెడల్పున మరక పడిన ప్యాడ్ నిండినట్టు కాదు, దాన్ని పావో సగమో అని రాసుకోవాలి. ఒక చిన్న పుస్తకంలో గానీ ఫోన్‌లో గానీ ప్రతిసారీ సమయం, ప్యాడ్ ఎంత తడిసింది, రంగు, గడ్డలు, వాసన అన్నవి ఒక్క వరుసలో రాయండి. ఉదాహరణకు: "ఉదయం 6, సగం, ఎరుపు, గడ్డలు లేవు, 10 గంటలకు పావు, ముదురు ఎరుపు, మధ్యాహ్నం 2, సగం, రూపాయి బిళ్ల అంత గడ్డ ఒకటి." అనుమానం వచ్చిన ప్యాడ్‌ను ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకోండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మీరు పది వాక్యాల్లో చెప్పలేనిది ఆ ఒక్క ఫొటో చూసి డాక్టరుకు అర్థమవుతుంది.

పొద్దున నిద్ర లేచి నిలబడగానే ఒక్కసారిగా వెచ్చగా రక్తం జారి, దానితో పాటు గడ్డ పడడం చాలామందిని హడలగొడుతుంది. రాత్రంతా పడుకుని ఉన్నప్పుడు రక్తం యోనిలోనే నిలిచి గడ్డకడుతుంది, లేచి నిలబడినప్పుడు అంతా ఒకేసారి బయటికి వస్తుంది. అప్పుడు కొత్త ప్యాడ్ పెట్టుకుని, సమయం చూసుకుని, కూర్చుని ఒక గంట గమనించండి. ఆ గంటలో ప్యాడ్ పావు కూడా తడవకపోతే జరిగింది నిలిచిన రక్తం దిగడమే. అదే వేగంతో కారుతూనే ఉంటే మాత్రం అది వేరే సంగతి.

ఒక్క ప్యాడ్‌ను చూసి నిర్ణయానికి రాకుండా రోజులను పోల్చి చూడాలి. నిన్నటి కన్నా ఇవాళ తగ్గిందా, మొన్నటి కన్నా నిన్న తగ్గిందా అన్నది మీ పుస్తకమే చెబుతుంది. బట్టలు ఉతికి, బిందెలు మోసి, మెట్లెక్కిన రోజున కాస్త పెరిగి, విశ్రాంతి తీసుకుంటే తగ్గిందంటే ఒళ్లు ఇంకా సిద్ధంగా లేదని అర్థం; పని తగ్గించుకోండి. విశ్రాంతిలో కూడా రోజురోజుకూ పెరుగుతుంటే, తగ్గిపోయిన రక్తం ఐదారు రోజుల తర్వాత మళ్లీ ఎర్రగా ఉద్ధృతంగా మొదలైతే, రెండు వారాలు దాటినా ఆగకపోతే లోపల ముక్క మిగిలి ఉండవచ్చు, ఇన్‌ఫెక్షన్ అయినా కావచ్చు. అప్పుడు స్కానింగ్ చేసి చూడాలి.

ఎప్పుడు బయలుదేరాలి

గంటకు ఒక ప్యాడ్ నిండుతుంటే వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. గంటకు రెండు పెద్ద ప్యాడ్‌ల చొప్పున వరుసగా రెండు గంటలు నిండితే అత్యవసర పరిస్థితి అని ప్రపంచవ్యాప్తంగా వైద్యులు చెప్పే కొలత. అయితే ఈ కొలతను నగరంలో, ఆసుపత్రికి పావుగంట దూరంలో ఉన్న మనిషికి, అడవి పక్క పల్లెలో రెండు గంటల దూరంలో ఉన్న మనిషికి ఒకేలా వర్తింపజేయకూడదు. దారిలో పోయే రక్తాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. ప్రయాణం గంట దాటేటట్టుంటే మొదటి గంటలోనే బయలుదేరండి. రక్తహీనత ఉన్నవాళ్లు కూడా అంతే, ఎందుకంటే వాళ్ల ఒంట్లో పోవడానికి మిగులు ఉండదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి మించి రక్తహీనతతో ఉన్నారు. కాబట్టి ఇది ఎవరికో చెప్పే జాగ్రత్త అనుకోకండి.

నిమ్మకాయంత లేదా అంతకన్నా పెద్ద గడ్డలు ఒకదాని తర్వాత ఒకటి పడుతున్నా, లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్ముతున్నా, గుండె దడదడలాడుతున్నా, చెమటలు పట్టి చేతులు చల్లబడుతున్నా, ముఖం పాలిపోయినా ప్యాడ్‌ల లెక్కతో పని లేదు. 108కి ఫోన్ చేయండి. అంబులెన్సు వచ్చేలోపు మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ల కింద దిండ్లు పెట్టి ఎత్తులో ఉంచండి, దుప్పటి కప్పండి. తినడానికి ఏమీ పెట్టకండి, మళ్లీ మత్తు ఇవ్వాల్సి రావచ్చు. డిశ్చార్జి కాగితం, రక్తం గ్రూపు వివరం, వాడుతున్న మందులు, చివరి రెండు మూడు ప్యాడ్‌లు ఒక కవర్లో పెట్టుకుని వెళ్లండి. భర్త పొలం నుంచి రావాలి, అత్తగారిని అడగాలి అని ఆగవద్దు. ఇంట్లో ఈ నిర్ణయం ఎవరు తీసుకుంటారో ఆపరేషన్ రోజునే మాట్లాడి పెట్టుకోవడం మంచిది. అసలు ఆ నిర్ణయం మీరే తీసుకోగలిగితే అన్నిటికన్నా మంచిది.

దీనికి పూర్తి భిన్నంగా ఉండే ప్రమాదం ఒకటుంది, దాన్ని చాలామంది గుర్తించరు. రక్తం దాదాపు ఆగిపోయి, పొత్తికడుపు నొప్పి మాత్రం గంటగంటకూ పెరుగుతూ, కింద ఒత్తిడిగా బరువుగా అనిపిస్తుంటే రక్తం బయటికి రాలేక గర్భసంచిలోనే నిలిచిపోతూ ఉండవచ్చు. ప్యాడ్ శుభ్రంగా ఉందని ఊరుకోకుండా అదే రోజు చూపించుకోవాలి. అలాగే గర్భసంచి గోడకు పరికరం తగిలి చిల్లు పడడం అరుదుగా జరుగుతుంది. మాత్ర వేసుకున్నా తగ్గని తీవ్రమైన నొప్పి, రాయిలా బిగిసిన పొట్ట, ఆగని వాంతులు దాని గుర్తులు. ఇవి కనిపిస్తే తెల్లవారే దాకా ఆగకూడదు.

ఇన్‌ఫెక్షన్ సాధారణంగా మొదటి రోజునే బయటపడదు, కొన్ని రోజులు గడిచాక బయటపడుతుంది. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటడం, చలి వణుకు, దుర్వాసన వచ్చే స్రావం లేదా చీము, పొత్తికడుపును తాకనివ్వని నొప్పి ఉంటే వైద్యులను కలవండి. నెత్తుటికి ఉండే మామూలు వాసన వేరు, ముక్కు మూసుకోవాలనిపించే కుళ్లు వాసన వేరు. తేడా మీకే తెలుస్తుంది. ఒక చిన్న జాగ్రత్త ఇక్కడ చెప్పాలి. పారాసిటమాల్ నొప్పితో పాటు జ్వరాన్ని కూడా తగ్గించేస్తుంది కాబట్టి మాత్ర వేసుకోబోయే ముందు థర్మామీటరు పెట్టి చూసి, అంకె పుస్తకంలో రాసి, అప్పుడు మింగండి.

మందుల విషయంలో

నెలసరి నొప్పిలాంటి పొత్తికడుపు నొప్పి, నడుం నొప్పి ఒకటి రెండు రోజులు ఉంటాయి. డాక్టరు రాసిన నొప్పి మాత్రను నొప్పి భరించలేనంత అయ్యాక వేసుకోవడం కన్నా మొదటి రోజు చెప్పిన వేళకు వేసుకోవడం వల్ల ఉపశమనం ఎక్కువ. ఐబుప్రొఫెన్, మెఫెనామిక్ యాసిడ్ రెండూ ఒకే జాతి మందులు. రెండూ కలిపి వాడకూడదు, ఖాళీ కడుపుతో వాడకూడదు, కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, నొప్పి మాత్రలు పడని ఆస్తమా ఉన్నవాళ్లు అడగకుండా వాడకూడదు. ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచుతుంది కాబట్టి నొప్పి కోసం దాన్ని వేసుకోవద్దు. గుండె జబ్బుకో పక్షవాతానికో రక్తం పలచబడే మాత్రలు ముందు నుంచీ వాడుతున్న వాళ్లు వాటిని సొంతంగా ఆపకూడదు, సొంతంగా మొదలుపెట్టకూడదు. తేదీ వైద్యులే చెప్పాలి. వేడి నీళ్ల సంచిని పల్చటి గుడ్డలో చుట్టి పొత్తికడుపు మీద పావుగంట పెట్టుకుంటే చాలామందికి హాయిగా ఉంటుంది.

యాంటీబయాటిక్ ఇస్తే రెండు రోజుల్లో బాగుందని ఆపేయకుండా రాసినన్ని రోజులూ వాడండి. డాక్సీసైక్లిన్ అయితే గ్లాసుడు నీళ్లతో మింగి అరగంట సేపు పడుకోకుండా కూర్చోవాలి, లేకపోతే ఛాతీలో మంట పుడుతుంది. పాలతోనూ ఐరన్ మాత్రలతోనూ కలిపి వేసుకుంటే అది సరిగా ఒంటికి పట్టదు.

రక్తం ఎక్కువవుతోందని మెడికల్ షాపుకు మనిషిని పంపి "బ్లీడింగ్ ఆగే మాత్రలు" తెప్పించుకోవడం మన ప్రాంతంలో మామూలైపోయింది. దయచేసి ఆ పని చేయకండి. వాటిలో ఒకటైన ట్రానెక్సామిక్ యాసిడ్ కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకు ప్రమాదం. గర్భసంచి ముడుచుకునేలా చేసే మిథైల్ ఎర్గోమెట్రిన్ బీపీ ఉన్నవాళ్లకు పనికిరాదు. పైగా లోపల ముక్క మిగిలిపోయి రక్తం పోతుంటే ఈ మాత్రలు రెండు రోజులు మభ్యపెడతాయి తప్ప కారణం అలాగే ఉంటుంది.

స్నానం, పని, దాంపత్యం

మర్నాటి నుంచి గోరువెచ్చని నీళ్లతో చెంబు స్నానం చేయవచ్చు, తల స్నానం కూడా చేయవచ్చు. గర్భసంచి ముఖద్వారం పూర్తిగా మూసుకునే దాకా బయటి క్రిములు లోపలికి వెళ్లే వీలు ఉంటుంది కాబట్టి రెండు వారాల పాటు చెరువులో, కాలువలో, నదిలో, ఈత కొలనులో మునగకూడదు. టాంపన్, మెన్‌స్ట్రువల్ కప్ వాడకూడదు. యోని లోపల నీళ్లు కొట్టి కడగడం, డెట్టాల్ వంటివి వాడడం అసలే వద్దు. పైపైన మామూలు నీళ్లతో కడుక్కుంటే సరిపోతుంది. ప్యాడ్ తడవకపోయినా నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చండి. ప్యాడ్‌లు దొరక్క గుడ్డలు వాడక తప్పనప్పుడు సబ్బుతో ఉతికి, చీకటి మూలలో దాచకుండా నేరుగా ఎండలో ఆరేసినవే వాడండి.

దాంపత్య సంబంధానికి రక్తస్రావం పూర్తిగా ఆగే దాకా, కనీసం రెండు వారాలు దూరంగా ఉండాలి. ఈ మాట భర్తకు భార్య చేత చెప్పించకుండా డిశ్చార్జి సమయంలో డాక్టరే ఆయనతో నేరుగా చెప్పేలా అడగండి. ఇంట్లో గొడవ లేకుండా ఉండటానికి ఇదొక మంచి దారి.

కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగానికి చాలామంది రెండు మూడు రోజుల్లో వెళ్లగలుగుతారు. వరి నాట్లు వేసే తల్లుల సంగతి అలా కాదు. మోకాలి లోతు బురద నీళ్లలో పొద్దస్తమానం నడుం వంచి నిలబడే పనికి, ఇటుకలు, సిమెంటు మోసే పనికి రక్తం ఆగే దాకా వెళ్లకూడదు. కూలి పోతుందన్న బాధ నిజమే, కానీ రక్తం ఎక్కువై ఆసుపత్రి పాలైతే పోయే కూలి అంతకంతా అవుతుంది. సంస్థలో ఉద్యోగం చేసేవాళ్లకు ఒక హక్కు ఉందని చాలామందికి తెలియదు: గర్భస్రావం జరిగినా, చట్ట ప్రకారం గర్భం తీయించుకున్నా, నిర్ణీత రోజులు పనిచేసి ఉన్న మహిళా ఉద్యోగికి రుజువు చూపితే ఆరు వారాల వేతన సెలవు ఇవ్వాలని 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం చెప్పింది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ హక్కు అలాగే ఉంది. ఈఎస్‌ఐ కార్డు ఉన్నవాళ్లకు ఈఎస్‌ఐ ద్వారా ఆరు వారాల నగదు ప్రయోజనం అందుతుంది. కాబట్టి డిశ్చార్జి కాగితంలో ఆపరేషన్ కారణం, తేదీ స్పష్టంగా రాయించుకోండి.

తిండి, పథ్యం

ఆపరేషన్ అయిందనగానే పెరుగు వద్దు, నీళ్లు ఎక్కువ తాగొద్దు, పప్పు చీము పట్టిస్తుంది, కూరగాయలు వాతం చేస్తాయి అని కారప్పొడి అన్నంతో సరిపెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. రక్తం పోయిన ఒంటికి ఇంతకన్నా అన్యాయం లేదు. డాక్టరు ప్రత్యేకంగా వద్దన్నది తప్ప అన్నీ తినవచ్చు. తోటకూర, గోంగూర, మునగాకు, పప్పులు, రాగి జావ, వేరుశనగ ఉండలు, గుడ్లు, చేపలు, మాంసం అన్నీ మంచివే. కూరలో నిమ్మరసం పిండుకోవడం, అన్నం తర్వాత జామపండో ఉసిరికాయో తినడం వల్ల ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం అయిన వెంటనే తాగే టీ, కాఫీ దానికి అడ్డుపడతాయి. గంటన్నర ఆగి తాగండి. ఐరన్ మాత్రకూ కాల్షియం మాత్రకూ మధ్య రెండు గంటలైనా ఎడం ఉండాలి. ఐరన్ వల్ల విరేచనం నల్లగా వస్తుంది, భయపడి ఆపవద్దు. మలబద్ధకం రాకుండా నీళ్లు, పీచు ఉన్న కూరలు బాగా తీసుకోండి.

మనసు

కోరుకున్న గర్భం పోయి ఈ ఆపరేషన్ చేయించుకున్న వాళ్లకు రక్తం ఆగిన రోజునే బాధ ఆగదు. చాలా గర్భస్రావాలు పిండంలోని క్రోమోజోముల లోపం వల్ల జరుగుతాయి. మీరు మెట్లెక్కినందుకో, బొప్పాయి ముక్క తిన్నందుకో, ప్రయాణం చేసినందుకో జరిగింది కాదు. ఈ మాటను ఇంట్లో వాళ్లంతా వినేలా డాక్టరు చేత చెప్పించుకోండి, ఎందుకంటే నింద ఎక్కువగా ఇంట్లోంచే వస్తుంది. ఐదో నెల దరిదాపుల్లో గర్భం పోయిన వాళ్లకు రొమ్ముల్లో పాలు కూడా పడవచ్చు. పిండకుండా, బిగుతైన లోదుస్తులు వేసుకుని, చల్లటి గుడ్డ పెట్టుకుంటే కొద్ది రోజుల్లో తగ్గుతుంది. రెండు వారాలు దాటినా నిద్ర పట్టక, ఏడుపు ఆగక, బతకాలనిపించకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.

తర్వాతి నెలసరి, గర్భం, రిపోర్టు

నెలసరి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల్లో వస్తుంది. మొదటిది మామూలు కన్నా ఎక్కువగానో తక్కువగానో ఉండవచ్చు. ఎనిమిది వారాలు దాటినా రాకపోయినా, ప్రతి నెలా నొప్పి వస్తూ రక్తం మాత్రం కనిపించకపోయినా, మునుపటితో పోలిస్తే నాలుగు చుక్కలకు పడిపోయినా ముందు గర్భం లేదని నిర్ధారించుకుని, తర్వాత గర్భసంచి లోపలి గోడలు అతుక్కున్నాయేమో చూపించుకోవాలి. హిస్టెరోస్కోపీతో ఆ అతుకులను విడదీయవచ్చు.

నెలసరి రాకముందే అండం విడుదలవుతుంది, గర్భస్రావం అయిన రెండు వారాలకే విడుదల కావచ్చు. కాబట్టి ముట్టు రాలేదుగా అనే ధీమాతో ఉండకూడదు. గర్భం రాకుండా వాడే మాత్రలు వెంటనే మొదలుపెట్టవచ్చు, కాపర్-టీని కొందరికి ఆపరేషన్ సమయంలోనే వేస్తారు. ప్రభుత్వాసుపత్రుల్లో గర్భం రాకుండా ఉచితంగా ఇచ్చే అంతర ఇంజెక్షన్ మూడు నెలలకొకటి. దానివల్ల అప్పుడప్పుడూ మరకలు కనిపిస్తాయి కాబట్టి ఏ తేదీన వేయించుకున్నారో అదే పుస్తకంలో రాసుకోండి, లేకపోతే ఏ రక్తం దేనివల్లనో తేలదు. గర్భం కోరుకునే వాళ్లకు ఒక మామూలు నెలసరి వచ్చాక ప్రయత్నించవచ్చని ఇప్పుడు చాలామంది వైద్యులు చెబుతున్నారు. రక్తహీనత ఉంటే మాత్రం ముందు దాన్ని సరిచేసుకోవాలి. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాల పాటు గర్భ పరీక్ష పాజిటివ్‌గానే చూపించవచ్చు, పాత హార్మోను ఇంకా రక్తంలో ఉంటుంది.

బయాప్సీ రిపోర్టును మీరే తెచ్చుకోండి, డాక్టరుకు చూపించండి. బాగానే ఉన్నామని రిపోర్టు తెచ్చుకోకుండా వదిలేసేవాళ్లు చాలామంది. ముట్లు ఆగిన తర్వాత రక్తం కనిపించి ఈ పరీక్ష చేయించుకున్న అమ్మలకు, అత్తమ్మలకు ఆ కాగితమే అసలు ఫలితం. క్యాన్సర్ ఉందా లేదా, మార్పులు మొదలయ్యాయా అన్నది అందులోనే ఉంటుంది. పిండం సరిగా ఏర్పడక మాయ అసహజంగా పెరిగే, కొందరు ముత్యాల గర్భం అని పిలిచే మోలార్ ప్రెగ్నెన్సీ అని రిపోర్టులో వస్తే గర్భ హార్మోను స్థాయి పూర్తిగా దిగే దాకా దాన్ని కొలిచే బీటా హెచ్‌సీజీ రక్త పరీక్షలు చేయించుకుంటూ, డాక్టరు చెప్పేవరకు గర్భం రాకుండా జాగ్రత్త పడాలి. డిశ్చార్జి కాగితం, రిపోర్టు, మీరు రాసుకున్న పుస్తకం మూడూ ఒకే ఫైల్లో పెట్టి, వచ్చే కాన్పుకు ఏ ఊరి డాక్టరు దగ్గరికి వెళ్లినా మొదటి రోజునే వారి ముందు పెట్టండి.